అమోనియా పట్టిక వెనక ఉన్న ఆల్జీబ్రా

సంపాదకుల వారికి,

నమస్కారం. గత వారం మీ విద్యా పేజీలో పీజీ ప్రవేశ పరీక్ష రాయబోయే బీఎస్సీ పిల్లలకు లెక్కల పేపరు మీద ఒక నిపుణుడు సలహాలిచ్చారు. ఏది చదవాలి, ఏది వదిలెయ్యాలి అన్నదే అందులో సారాంశం. గ్రూపులు, రింగులు, లీనియర్ ఆల్జీబ్రా దేనికది వేరనీ, ఒకదానితో ఒకదానికి పని లేదు కాబట్టి టైము చాలనివాళ్లు ఏదో ఒకటి పూర్తిగా వదిలేసినా నష్టం లేదనీ ఆయన రాశారు. మార్కుల సంగతి ఆయనకే బాగా తెలుసు, అందులో నేను వేలు పెట్టను. ఆ "పని లేదు" అన్న ముక్క మాత్రం నాకు మింగుడు పడలేదు. పశ్చిమ గోదావరి జిల్లా డిగ్రీ కాలేజీల్లో ఆ మూడు పేపర్లూ చెప్పి రిటైరైనదాన్ని. ఒక్కో సెమిస్టర్లో ఒక్కోటి వస్తుంది కాబట్టి పిల్లలు వేర్వేరు నోటుబుక్కుల్లో రాసుకుంటారు. పరీక్ష అవగానే ఆ నోటుబుక్కు అటకెక్కుతుంది. ఆ గోడలు కట్టింది టైంటేబులు. వాటి మధ్య ఉన్న దారి గురించి నాలుగు మాటలు రాయనివ్వండి. ఉత్తరం పొడుగైతే మన్నించాలి, ఇది రెండు వాక్యాల్లో తేలే విషయం కాదు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం మా మేనకోడలు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. మీ పేజీలోనే కింద కెమిస్ట్రీ నమూనా ప్రశ్నలు వేశారు. అందులో అమోనియా అణువుకు సంబంధించిన క్యారెక్టర్ టేబుల్, అంటే అణువు సౌష్టవాన్ని అంకెల్లో చెప్పే పట్టిక, ఒకటుంది. కెమిస్ట్రీవాళ్లు దాన్ని సి3వి టేబుల్ అంటారు. మూడు వరసలు, మూడు నిలువు గడులు. మూడో వరసలో మీరు 2, 1, 0 అని అచ్చువేశారు. పిల్ల ఆ ముక్క కత్తిరించి పట్టుకొచ్చింది.

"అత్తయ్యా, పేపర్లో 1 ఉంది, మా నోట్సులో మైనస్ 1 ఉంది. ఏది కరెక్టు?"

"నువ్వే చెప్పవే."

"మా మేడం రాయించింది మైనస్ ఒకటి."

"ఎందుకు మైనసు?"

"ఎందుకేంటి అత్తయ్యా, టేబుల్లో అలాగే ఉంటుంది."

మైనస్ ఒకటే కరెక్టు, సవరణ వేయండి. సరిచూసుకోవడం తేలికే. మొదటి వరస 1, 1, 1. మొదటి గడి ఒక్క కదలికకు, రెండోది రెంటికి, మూడోది మూడింటికి చెందుతాయి (ఈ కదలికలేమిటో కింద చెబుతాను). మొదటి వరసనూ మూడో వరసనూ గడికి గడి గుణించి, ఆ ఒకటి, రెండు, మూడుతో కూడా గుణించి కూడితే సున్నా రావాలి. రెండు, మైనస్ రెండు, సున్నా: సరిపోయింది. మీరు వేసినట్టు ప్లస్ అయితే నాలుగొస్తుంది. ఇంతవరకూ పిల్లకూ తెలుసు, వాళ్లకు దాన్ని ఒక రూలుగా చెప్పారు. టేబుల్లోని ఆ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పలేదు. అటు ఎమ్మెస్సీ లెక్కలవాళ్లకు, ఆల్జీబ్రాలు మాట్రిక్సుల ముక్కలుగా ఎలా విడిపోతాయో చెప్పే వెడర్‌బర్న్ సిద్ధాంతం చెబుతారు, దానికి ఉదాహరణగా ఈ మూడు వరసల టేబుల్ చూపించరు. ఒకే కాలేజీలో ఎదురెదురు గదుల్లో జరిగే పాఠాలివి.

ఇప్పుడు అమోనియా అణువును చూడండి. పైన నైట్రోజన్, కింద సమబాహు త్రిభుజం మూలల్లో మూడు హైడ్రోజన్లు. అణువు మళ్లీ ఉన్నచోటే ఉన్నట్టు కనిపించే కదలికలు ఆరు: ఏమీ చెయ్యకుండా వదిలెయ్యడం, 120 డిగ్రీలు తిప్పడం, 240 డిగ్రీలు తిప్పడం, మూడు నిలువు అద్దాల్లో ప్రతిబింబాలు. మొదటిదాన్ని 1 అందాం, తిప్పడాలను త, త² అందాం, అద్దాలను క, ఖ, గ అందాం. ఈ ఆరూ కలిసి ఒక గ్రూపు. డిగ్రీలో ఎస్3 పేరుతో చెప్పేది దీన్నే. గ్రూపులో ఉన్న పని ఒకటే, ఒకదాని తరవాత ఒకటి చెయ్యడం. త చేసి మళ్లీ త చేస్తే త². క చేసి క చేస్తే 1. క చేసి త చేసినా, త చేసి క చేసినా ఒకటే రాదు.

గ్రూపులో కూడిక లేదు. త కి క కూడితే ఏమిటని ఎవరైనా అడిగితే పరీక్షలో సున్నా వేస్తాం. కానీ అడగనిద్దాం. ఆరింటినీ ఆరు దిక్కులనుకుని, "రెండు 1లు, మూడు తలు, అందులోంచి అర క తీసెయ్" అని రాసుకోనిద్దాం. ఇలాంటివి ఎన్నయినా రాయొచ్చు, కూడొచ్చు. గుణించడానికి గ్రూపు టేబులే ఆధారం, బ్రాకెట్లు విప్పి ఒక్కొక్క జత చూసుకోవడమే. గ్రూపులో బ్రాకెట్లు ఎటు జరిపినా ఫలితం మారదు కాబట్టి ఇక్కడా మారదు. దీనికే గ్రూప్ ఆల్జీబ్రా అని పేరు. ఆరు డైమెన్షన్ల వెక్టర్ స్పేస్, దాని మీదే ఒక గుణకారం, ఆ గుణకారం అసోసియేటివ్. గ్రూపు, రింగు (కూడికా గుణకారమూ రెండూ ఉన్నది), వెక్టర్ స్పేస్ (కూడి, అంకెలతో హెచ్చించగలిగేది) మూడూ ఒక్క వస్తువులో ఉన్నాయి. ఆర్థర్ కేలీ 1854లోనే, గ్రూపు అంటే ఏమిటో తొలిసారి విడిగా రాసిన వ్యాసంలోనే, ఇలా కూడి చూడొచ్చని చెప్పాడు.

ఇక రిప్రజెంటేషన్ అంటే గ్రూపులోని ప్రతి కదలికకూ ఒక మాట్రిక్స్ ఇవ్వడం. కదలికలు ఒకదాని వెంట ఒకటి చేస్తే మాట్రిక్సులు గుణించుకోవాలి, అంతే షరతు. ఆరింటికి మాట్రిక్సులిచ్చామంటే వాటి కూడికలకూ ఇచ్చేసినట్టే, మాట్రిక్సులను కూడొచ్చు కదా. కాబట్టి గ్రూపు రిప్రజెంటేషన్ అన్నా, గ్రూప్ ఆల్జీబ్రా మీద మాడ్యూల్ (ఆ ఆల్జీబ్రా పనిచేసే వెక్టర్ స్పేస్) అన్నా ఒకే సంగతి. పుస్తకాల్లో ఇది రెండు లైన్ల ప్రపోజిషన్. చూడ్డానికి తేలిగ్గా ఉందని పిల్లలు దాటిపోతారు. వ్యవహారమంతా అక్కడే ఉంది, ఎందుకంటే కూడిక చేతికొచ్చాక గ్రూపులో చెయ్యలేని పనులు చెయ్యగలం.

మచ్చుకి ఒకటి. ఆరింటినీ కూడండి: 1 + త + త² + క + ఖ + గ. దాన్ని ఆ ఆరింటిలో దేనితో గుణించినా అదే వస్తుంది, వరస మాత్రం తారుమారవుతుంది. దానితోనే గుణిస్తే ఆరు రెట్లవుతుంది. కాబట్టి ఆరుతో భాగించి పెట్టుకుంటే, స్క్వేర్ చేసినా మారని వస్తువు దొరికింది. రింగుల పేపర్లో ఐడెంపొటెంట్ అంటే ఇదే. రెండోది: అద్దాలకు మైనసులు పెట్టి, 1 + త + త² − క − ఖ − గ ను ఆరుతో భాగించండి. ఇదీ ఐడెంపొటెంటే. ఈ రెంటినీ గుణిస్తే సున్నా. మరి 1 లోంచి ఈ రెంటినీ తీసేస్తే మిగిలేదేమిటి? అద్దాలన్నీ కొట్టుకుపోయి (2 − త − త²)/3 మిగులుతుంది. స్క్వేర్ చేసి చూడండి, మళ్లీ అదే వస్తుంది. త³ అంటే 1 అని గుర్తుంటే చాలు. పేపరు మీద ఒక్క లైను పని.

ఇప్పుడు ఆ మూడో దాన్ని మా మేనకోడలి టేబుల్ పక్కన పెట్టండి. 2, మైనస్ 1, 0. ఏమీ చెయ్యనిదానికి 2, తిప్పడాలకు మైనస్ 1 చొప్పున, అద్దాలకు సున్నా. మొదటి ఐడెంపొటెంట్లో అన్నిటికీ 1, అది మొదటి వరస. రెండోదాంట్లో అద్దాలకు మైనస్ 1, అది రెండో వరస. పిల్లలు బట్టీ పట్టే టేబుల్ ఈ ఆల్జీబ్రాను ముక్కలుగా విడగొట్టే కత్తుల జాబితా. పిల్ల చేత ఈ లెక్క చేయించాను. మైనస్ ఎందుకని మళ్లీ అడగలేదు.

ముక్కలు మూడు. మొదటి రెండూ ఒక్కో డైమెన్షన్. మూడోది నాలుగు డైమెన్షన్లు, అది అచ్చంగా రెండడ్డాలు రెండు నిలువుల మాట్రిక్సులన్నీ కలిసిన ఆల్జీబ్రా. త కి 120 డిగ్రీల రొటేషన్ మాట్రిక్స్, ఒక అద్దానికి 1, −1 ఉన్న డయాగనల్ మాట్రిక్స్ ఇచ్చి చూస్తే తేలుతుంది. మాట్రిక్స్ డయాగనల్ కూడితే 2, −1, 0 వస్తాయి, టేబుల్లోని అంకెలు మరోసారి. 6 = 1 + 1 + 4. "డైమెన్షన్ల వర్గాల మొత్తం గ్రూపు సైజుకు సమానం" అని కెమిస్ట్రీ పిల్లలు వల్లించే రూలు ఇదే. వర్గాలు ఎందుకొచ్చాయంటే రెండు బై రెండు మాట్రిక్సులో నాలుగు గడులుంటాయి కనుక. వరసలు మూడే ఎందుకంటే, ఆల్జీబ్రాలో అన్నిటితోనూ కమ్యూట్ అయ్యేవాటికి, అంటే ఎటునుంచి గుణించినా ఒకటే వచ్చేవాటికి, మూడే డైమెన్షన్లు: 1 ఒకటి, తిప్పడాల మొత్తం ఒకటి, అద్దాల మొత్తం ఒకటి. టేబుల్ పైన ఉండే 1, 2, 3 అంకెలు ఈ గుంపుల సైజులే.

చరిత్రలోనూ గ్రూపుల దారీ ఆల్జీబ్రాల దారీ కలవడానికి చాలాకాలం పట్టింది. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్‌లో ఉండే గణితవేత్త డెడెకిండ్, బెర్లిన్లో ఉన్న మరో గణితవేత్త ఫ్రొబేనియస్‌కు 1896 మార్చిలో ఒక ఉత్తరం రాశాడు. గ్రూపు టేబుల్లోని ప్రతి మూలకానికీ ఒక తెలియని రాశి పెట్టి డిటర్మినెంట్ తీస్తే అది ఎలా ముక్కలవుతుంది అన్నది ప్రశ్న. మన ఎస్3 ని డెడెకిండ్ అప్పటికే చేసి చూసుకున్నాడు: రెండు ఒకటో డిగ్రీ ముక్కలు, ఒక రెండో డిగ్రీ ముక్క రెండుసార్లు. పైన చూసిన 1, 1, 4 మరో వేషంలో. ఆ రెండో డిగ్రీ ముక్కను కూడా విడగొట్టాలంటే కొత్తరకం సంఖ్యలు, అప్పటివాళ్లు హైపర్‌కాంప్లెక్స్ అన్నవి, అవసరమవుతాయని డెడెకిండ్ ఊహ. అంటే ఆయన అసోసియేటివ్ ఆల్జీబ్రా గుమ్మం దాకా వచ్చాడన్నమాట. ఫ్రొబేనియస్ ఆ గుమ్మం తొక్కలేదు, డిటర్మినెంట్‌నే పట్టుకుని కొద్ది వారాల్లో దారి కనిపెట్టాడు, ఆ ఏడాదే క్యారెక్టర్ల సిద్ధాంతం అచ్చువేశాడు. వింతేమిటంటే, రెండోవైపు నుంచి 1893లోనే ఒకాయన వచ్చి ఉన్నాడు. అప్పటి రష్యా సామ్రాజ్యంలోని డోర్పాట్‌లో, ఇప్పుడది ఎస్టోనియాలోని టార్టు, పనిచేసే థియోడర్ మోలియన్. రీగాలో పుట్టాడు, తరవాత సైబీరియాలో టోమ్స్క్‌లో ఉద్యోగం, అక్కడే పోయాడు. హైపర్‌కాంప్లెక్స్ సంఖ్యలు ఏ ఏ ముక్కలుగా విడిపోతాయో ఆయన రాసినదాన్ని గ్రూపులకు వర్తింపజేస్తే ఫ్రొబేనియస్ ఫలితాల్లో చాలా భాగం వచ్చేస్తుంది. మోలియన్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనబడదు. నా దృష్టిలో ఇది అన్యాయం.

1907లో వెడర్‌బర్న్, ఏ సంఖ్యల మీదైనా పనిచేసేలా ఆ ముక్కల సిద్ధాంతం రాశాడు. గ్రూపుల గొడవ ఆయనది కాదు. రెంటినీ ముడేసింది ఎమ్మీ నోతర్. గటింగెన్లో 1927-28 చలికాలం చెప్పిన పాఠాలను వాండెర్ వేర్డెన్ రాసిపెట్టాడు, అవి 1929లో వ్యాసంగా వచ్చాయి. రిప్రజెంటేషన్ అంటే మాడ్యూల్ అన్న ఆ రెండు లైన్ల ప్రపోజిషన్ను సిద్ధాంతానికి పునాదిరాయి చేసింది ఆమే. అంతకుముందు పేజీలకు పేజీలు మాట్రిక్సులు గుణించి రాబట్టినవి ఆ తరవాత రింగుల సిద్ధాంతంలోంచి వరసగా వచ్చిపడ్డాయి. నాలుగేళ్లు తిరక్కుండానే, 1933లో, యూదురాలని ఆమెను యూనివర్సిటీ నుంచి తీసేశారు. అమెరికాలో బ్రిన్‌మార్ కాలేజీలో చేరి, 1935 ఏప్రిల్లో ఆపరేషన్ తరవాత చనిపోయింది.

ఇదంతా పాత కథే, దీనివల్ల గ్రూపుల పేపరుకు ఒరిగిందేమిటని మీ నిపుణుడు అడగవచ్చు. ఒక్కటి చాలు. గ్రూపులోని మూలకాల సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్యలు రెండే అయితే ఆ గ్రూపు సాల్వబుల్ (కమ్యూటేటివ్ మెట్లుగా విడగొట్టగలిగేది) అని బర్న్‌సైడ్ 1904లో నిరూపించాడు. స్టేట్‌మెంట్లో మాట్రిక్స్ ఊసే లేదు, అంతా గ్రూపుల భాషే. నిరూపణ నడిచింది మాత్రం క్యారెక్టర్ల మీద. క్యారెక్టర్లు లేకుండా నిరూపణ దొరకడానికి 1970 ప్రాంతం దాకా ఆగాల్సి వచ్చింది. ఇదే బర్న్‌సైడ్ 1897లో గ్రూపుల మీద పుస్తకం వేసినప్పుడు, మాట్రిక్సుల దారిలో గ్రూపుల గురించి తెలిసేది పెద్దగా లేదన్నట్టు ఆ భాగం వదిలేశాడు. 1911లో రెండో కూర్పుకి అదే భాగాన్ని అధ్యాయాలకు అధ్యాయాలు రాశాడు.

మన ఊళ్ల సంగతికొద్దాం. సూరి భగవంతం పేరు ఫిజిక్స్ వాళ్లకు తెలిసే ఉంటుంది. కలకత్తాలో రామన్ దగ్గర పనిచేసి వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చినాయన. ఆయనా, టి. వెంకటరాయుడూ కలిసి 1939లో స్ఫటికాల నిర్మాణానికీ రామన్ ఎఫెక్టుకూ సంబంధం మీద వ్యాసం వేశారు. ఒక స్ఫటికంలో ఎన్ని రకాల కంపనాలుంటాయి, వాటిలో ఏవి రామన్ స్పెక్ట్రంలో గీతలుగా కనబడతాయి అన్నది క్యారెక్టర్లతో లెక్కగట్టే పద్ధతి. అణువులకు ఇలాంటి పద్ధతిని విగ్నర్ 1930లో చూపాడు. వీళ్లు స్ఫటికాలకు ఇక్కడ, సముద్రం ఒడ్డున కూర్చుని చేశారు. గ్రూపుల సిద్ధాంతాన్ని ఫిజిక్స్ సమస్యలకు వాడటం మీద ఇద్దరూ కలిసి రాసిన పుస్తకాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే వేసింది. 1969లో అమెరికా ప్రచురణకర్తలు మళ్లీ వేశారు. తరవాతి తరంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సి. ముసిలి గారు ఫైనైట్ గ్రూపుల రిప్రజెంటేషన్ల మీద 1993లో పాఠ్యగ్రంథం రాశారు. తెలుగువాళ్లకు ఈ విషయం పరాయిదేమీ కాదు.

వాళ్లు చేసే లెక్క ఎలా ఉంటుందో అమోనియా మీదే చూపిస్తాను. నాలుగు పరమాణువులు, ఒక్కొక్కటీ మూడు దిక్కులకు కదలొచ్చు, మొత్తం పన్నెండు. మన ఆరు కదలికలూ ఈ పన్నెండింటి మీద పన్నెండు బై పన్నెండు మాట్రిక్సులుగా పనిచేస్తాయి. మాట్రిక్సులు రాయక్కర్లేదు, డయాగనల్ మొత్తం తెలిస్తే చాలు, చోటు కదిలిన పరమాణువు దానికి ఏమీ చేర్చదు. ఏమీ చెయ్యకపోతే 12. తిప్పితే హైడ్రోజన్లు మూడూ చోట్లు మారతాయి, నైట్రోజన్ ఒక్కటే నిలబడుతుంది, దాని వాటా సున్నా. అద్దంలో చూస్తే నైట్రోజన్, ఒక హైడ్రోజన్ నిలబడతాయి, ఒక్కోదానికి 1 చొప్పున 2. కాబట్టి 12, 0, 2. ఇప్పుడు మన మూడో ఐడెంపొటెంట్ (2 − త − త²)/3 ను ఈ పన్నెండు మీద ప్రయోగిస్తే డయాగనల్ మొత్తం 24ను మూడుతో భాగించగా వచ్చే 8. అంటే పన్నెండులో ఎనిమిది డైమెన్షన్లు ఆ రకానివి, జతలుగా నాలుగు. మొదటి రకం మూడు, రెండో రకం ఒకటి. 8 + 3 + 1, పన్నెండు సరిపోయాయి. ఇందులో అణువు మొత్తంగా జరగడం, మొత్తంగా తిరగడం కంపనాలు కావు. జరగడం మొదటి రకం ఒకటీ మూడో రకం జత ఒకటీ, తిరగడం రెండో రకం ఒకటీ మూడో రకం జత ఒకటీ పట్టుకుపోతాయి. మిగిలింది మొదటి రకం రెండు, జతలు రెండు. మొత్తం ఆరు కంపనాలు.

జతలో ఉన్న రెండు కంపనాలకూ ఫ్రీక్వెన్సీ ఒకటే. ఎందుకంటే పరమాణువుల మధ్య బలాలను చెప్పే మాట్రిక్స్ మన ఆరు కదలికలతోనూ కమ్యూట్ అవుతుంది, అంటే ఆల్జీబ్రా మొత్తంతో కమ్యూట్ అవుతుంది, అప్పుడు షూర్ లెమ్మా అనే చిన్న సిద్ధాంతం దాన్ని ఆ జత మీద రెండు రకాలుగా ప్రవర్తించనివ్వదు. కాబట్టి ఫ్రీక్వెన్సీలు నాలుగు. ల్యాబులో అమోనియాకు కొలిచే మౌలిక ఫ్రీక్వెన్సీలూ నాలుగే. బలాలు ఎంతో తెలియకుండా, ఒక్క స్ప్రింగు లెక్క చెయ్యకుండా తేలిన అంకె ఇది. ఇందులో గ్రూపు ఎక్కడ ఆగింది, రింగు ఎక్కడ మొదలైంది, మాట్రిక్స్ ఎక్కడ చొరబడింది? గీత గీసి చూపించమని మీ నిపుణుడిని అడుగుతున్నాను.

ఇదంతా ఎప్పుడూ ఇంత సాఫీగా సాగుతుందని అనను. పైన ఆరుతో, మూడుతో భాగించాను కదా. భాగించడం కుదరని చోట్లున్నాయి. మాడ్యులో 3 లెక్కల్లో, అంటే మూడుతో భాగిస్తే మిగిలే శేషాల లెక్కల్లో, ఆరంటే సున్నా. అక్కడ ఆరింటినీ కూడి స్క్వేర్ చేస్తే సున్నా వస్తుంది, ఐడెంపొటెంట్ కాస్తా నిల్‌పొటెంట్ అవుతుంది, ఆల్జీబ్రా విడిపోనని మొరాయిస్తుంది. గ్రూపు సైజుతో భాగించగలిగినంతకాలం అంతా ముక్కలవుతుందని మాష్కే 1899లో చెప్పింది అందుకే. భాగించలేనప్పుడు ఏమవుతుందన్నదాన్ని 1930ల నుంచీ రిచర్డ్ బ్రౌయర్ జీవితమంతా చదివాడు. ఏ సంఖ్యల్లో లెక్క చేస్తున్నామో చెప్పే ఫీల్డుల అధ్యాయాన్ని కూడా వదిలెయ్యడానికి లేదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇంకో చిక్కు. "అయితే టేబుల్ చూసి ఏ గ్రూపో చెప్పెయ్యొచ్చా అత్తయ్యా?" అని అడిగింది మా పిల్ల. చెప్పలేం. చతురస్రం కదలికల గ్రూపుకు ఎనిమిది మూలకాలు. హామిల్టన్ 1843లో డబ్లిన్ వంతెన మీద కనిపెట్టిన క్వాటర్నియన్లనే నాలుగు డైమెన్షన్ల సంఖ్యల్లో ప్లస్ మైనస్ 1, ఐ, జె, కె కలిపితే మరో ఎనిమిది. రెండు గ్రూపులూ వేరు, క్యారెక్టర్ టేబుల్ మాత్రం ఒక్కటే. రెంటికీ 8 = 1 + 1 + 1 + 1 + 4. కాంప్లెక్స్ సంఖ్యల మీద ఆల్జీబ్రాలు కూడా ఒకటే. రియల్ సంఖ్యలకు దిగితే తేడా బయటపడుతుంది: నాలుగు డైమెన్షన్ల ముక్క ఒకదానికి రెండు బై రెండు మాట్రిక్సులు, రెండోదానికి హామిల్టన్ క్వాటర్నియన్లే. గ్రూప్ ఆల్జీబ్రాను పూర్ణ సంఖ్యల మీద కడితే గ్రూపును కచ్చితంగా గుర్తుపట్టొచ్చని చాలాకాలం ఆశపడ్డారు. 2001లో మార్టిన్ హెర్ట్‌వెక్ అదీ కుదరదని ఉదాహరణ కట్టి చూపాడు. ఆ గ్రూపుల సైజు 2 ను ఇరవయ్యొక్కసారి, 97 ను ఇరవయ్యెనిమిదిసార్లు గుణించినంత! అంత పెద్ద గ్రూపుల దాకా వెళ్లాల్సి వచ్చింది.

సంపాదకుల వారూ, నేను కోరేవి పెద్దవి కావు. సవరణ వేయండి. ప్రవేశ పరీక్షల సలహాలు వేసేటప్పుడు వదిలెయ్యమనే వాక్యాలను ఆ సబ్జెక్టు చెప్పే మరొకరికి చూపించండి. సిలబస్ కమిటీల్లో ఉన్నవాళ్లు మీ పేజీ చదువుతారు కాబట్టి వాళ్లకూ ఒక మాట: లీనియర్ ఆల్జీబ్రా చివర్లో ఒక్క గంట ఈ ఆరు కదలికలకు కేటాయించండి, కొత్త పేపరు అక్కర్లేదు, కొత్త పుస్తకమూ అక్కర్లేదు. ఆ గంటకు కెమిస్ట్రీ పిల్లల్ని కూడా రానివ్వండి. వాళ్లకు టేబుల్ నోటికొచ్చు, మనవాళ్లకు నిరూపణ వచ్చు, పక్కపక్కన కూర్చోబెడితే సగం పని వాళ్లే చేసుకుంటారు.

వచ్చే వారం నమూనా ప్రశ్నల్లో చోటుంటే ఇది వేయండి. మీథేన్‌లో నడుమ కార్బన్, చుట్టూ నాలుగు హైడ్రోజన్లు. దాని కదలికలు ఇరవైనాలుగు, గ్రూపు ఎస్4, ఆల్జీబ్రా 24 = 1 + 1 + 4 + 9 + 9 గా విడిపోతుంది. పదిహేనులోంచి జరగడం, తిరగడం తీసేస్తే కంపనాలు తొమ్మిది. వేర్వేరు ఫ్రీక్వెన్సీలు ఎన్ని? జవాబు పేజీ అడుగున తలకిందులుగా వేయండి: నాలుగు. ఆ తొమ్మిదీ 1, 2, 3, 3గా విడిపోతాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత అధ్యాపకురాలు,
భీమవరం